దీవుల మీద జాజ్, ఉద్దానంలో సంబరం



ఆఫ్రికా ఖండానికి వాయవ్యంగా, అట్లాంటిక్ సముద్రంలో కానరీ దీవులున్నాయి. స్పెయిన్ దేశానివి. అగ్నిపర్వతాలు కక్కిన రాయితో ఏర్పడిన నేల. ఏటా జులైలో అక్కడ ఒక జాజ్ సంగీతోత్సవం జరుగుతుంది. 1992లో మొదలైంది. ఈ ఉత్సవం ఒక్క ఊళ్ళో కుదురుగా కూర్చోదు. గ్రాన్ కనారియా, తెనెరీఫె లాంటి పెద్ద దీవుల్లో వాయించిన బృందాలు పడవలెక్కి, చిన్న విమానాలెక్కి మిగతా దీవులకూ వెళతాయి. ఎల్ యెర్రో అనే దీవిలో జనం పది పన్నెండు వేలకు మించరు. పక్కనున్న లా గొమేరాలో ఒక లోయ అంచు నుంచి ఇంకో లోయ అంచుకు ఈలలతోనే మాట్లాడుకునే గొల్లల పద్ధతి ఇప్పటికీ ఉంది. అలాంటి చోట్లకూ పేరున్న వాద్యగాళ్ళు వస్తారు. ఊరి మధ్య చౌకులో కుర్చీలు వేస్తారు, చాలా కచేరీలకు టికెట్టు ఉండదు, పిల్లా ముసలీ కలిసి వింటారు.

ఈ సంగతి నన్ను పట్టుకున్నది అందుకే. జనమే పట్నానికి రావాలని ఆ ఉత్సవం అనుకోలేదు. జనం ఎక్కడుంటే అక్కడికి తనే వెళ్ళింది. శ్రీకాకుళం తీరంలో టెక్కలి, పలాస, సోంపేట వైపు పుట్టి పెరిగినవాళ్ళకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. మన వేసవి నడిచేదే అలాగ.

మాది హరిశ్చంద్రపురం. హౌరా మద్రాసు రైలు మార్గంలో తిలారుకూ కోటబొమ్మాళికీ మధ్య చిన్న స్టేషను. అక్కడి నుంచి ఉత్తరానికి పోతే నౌపడ ఉప్పుమళ్ళు, పూండి, పలాస, మందస రోడ్డు, బారువ, సోంపేట, ఇచ్ఛాపురం. పలాస దాటాక సముద్రం వైపు చూస్తే కొబ్బరి, జీడి, పనస తోటలు. ఉద్దానం అంటే అదే. తోట లోపలికి మట్టిదారి పట్టుకుని పోతే ఉన్నట్టుండి ఒక ఊరు. ఆ ఊరు దాటితే మళ్ళీ తోట, మళ్ళీ ఊరు. ఆకుపచ్చని నీటిలో తేలే దీవుల్లా ఉంటాయి ఆ ఊళ్ళు. ఒక ఊళ్ళో డోలు మోగితే పక్క ఊరికి చప్పుడు మాత్రం అందుతుంది. వాయించేది ఎవరో తెలియాలంటే చెప్పులేసుకుని బయల్దేరాల్సిందే.

మార్చి నుంచి జీడిగింజలు ఏరడం మొదలవుతుంది. జీడి డబ్బు చేతికొచ్చే ఆ రోజుల్లోనే గ్రామదేవతల సంబరాలు. ఒక్కో ఊరికి ఒక్కో తల్లి. అసిరితల్లి, పోలమ్మ, నూకాలమ్మ, బంగారమ్మ. కొన్ని ఊళ్ళలో ఏటా, కొన్నింట్లో రెండు మూడేళ్ళకోసారి, ఇంకొన్నింట్లో ఇంకా ఎక్కువ ఏళ్ళ ఎడంతో చేస్తారు. ఘటాలు ఊరు తిరుగుతాయి, ఆడవాళ్ళు ముర్రాటలు సమర్పిస్తారు, తొలేళ్ళ రాత్రి ఊరంతా మేలుకొని ఉంటుంది, చివరిరోజు అమ్మవారిని అనుపుతారు. చెన్నై, హైదరాబాదు, గుజరాత్, అండమాన్, గల్ఫ్ దేశాలు, ఎక్కడికి వలసపోయినా సంబరానికి మాత్రం మనిషి వచ్చేస్తాడు. ఆ రోజుల్లో పలాస స్టేషనులో రైలు దిగే వాళ్ళ చేతుల్లో సంచులు చూస్తేనే ఏ ఊళ్ళో సంబరమో అక్కడి ఆటోవాళ్ళు చెప్పేస్తారు.

వాద్యగాళ్ళది ఇంకో లెక్క. ఈ వారం ఒక ఊరు, వచ్చే వారం పక్క ఊరు. సన్నాయి, డోలు మేళం, డప్పుల జట్టు, తప్పెటగుళ్ళ బృందం, జముకుల కథ చెప్పేవాళ్ళు, క్లారినెట్టు, ట్రంపెట్టు పట్టుకున్న బ్యాండు మేళం. తోటల మధ్య దారుల్లో వీళ్ళ వాద్యాలు ఎండాకాలమంతా ప్రయాణం చేస్తూనే ఉంటాయి. దీవి నుంచి దీవికి పోయే జాజ్ బృందాలు చేసేదీ అదే పని.

తప్పెటగుళ్ళ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల గొల్లల కళ ఇది. గుండ్రటి రేకు తప్పెటను మెడకు తగిలించి రొమ్ము మీద ఆనించుకుంటారు. రెండు అరచేతులతో వాయిస్తారు. కాళ్ళకు గజ్జెలు. పదిహేను ఇరవై మంది వలయంగా నిలబడితే నాయకుడు మధ్యలో నిలిచి చరణం ఎత్తుకుంటాడు. మిగతావాళ్ళు అందుకుంటారు. గంగమ్మ కథ, సారంగధర, చెంచులక్ష్మి, కృష్ణలీలలు పాడతారు. వాన ముఖం చాటేసిన ఏడు గంగమ్మను వేడుకుంటూ ఆడతారు. మొదట్లో అడుగు నెమ్మదిగా పడుతుంది. నాయకుడు ఒక కేక వేస్తాడు, నడక మారిపోతుంది. ఇంకో కేక, వేగం రెట్టింపు. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలువెత్తున గోపురంలా లేస్తారు. అంత ఎత్తున నిలబడ్డవాడి చేతుల్లోనూ తప్పెట దెబ్బ తప్పదు. ఏ కేక ఎప్పుడు వేయాలో ఏ కాగితం మీదా రాసి ఉండదు. ఎదుట కూర్చున్న జనం ఊపును బట్టి, ఆడేవాళ్ళ ఊపిరిని బట్టి నాయకుడు అప్పటికప్పుడు నిర్ణయిస్తాడు.

జాజ్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ తప్పెటగుళ్ళనే చూపిస్తాను. జాజ్ పుట్టింది అమెరికాలో, మిసిసిపీ నది సముద్రంలో కలవబోయే చోట ఉన్న న్యూ ఓర్లీన్స్ రేవు పట్నంలో. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు ఆదివారాల్లో కాంగో స్క్వేర్ అనే మైదానంలో చేరి డోళ్ళు వాయించి ఆడేవారు. ఒకడు పాట విసిరితే గుంపు బదులు పాడేది. ఆ అలవాటూ, చర్చి పాటలూ, వీధి బ్యాండుల ఇత్తడి వాద్యాలూ కలిసి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొత్త సంగీతమయ్యాయి. అక్కడ శవయాత్రకు బ్యాండు ఉంటుంది. శ్మశానానికి పోయేటప్పుడు నెమ్మదైన ప్రార్థన పాట, తిరిగొచ్చేటప్పుడు హుషారైన అడుగు. వెనకాల నడిచే జనం గొడుగులు ఎత్తి ఆడుతూ వస్తారు. మన వైపు కూడా పండు ముసలివాళ్ళు పోతే డప్పులు, బ్యాండు లేకుండా సాగనంపరు కదా. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1901లో పుట్టింది ఆ ఊళ్ళోనే. పేద ఇంటి పిల్లవాడు. పిల్లల సంస్కరణ గృహంలోని బ్యాండులో చేరి కార్నెట్టు నేర్చుకుని, ప్రపంచమంతా చెవి ఒగ్గేంతవాడయ్యాడు.

జాజ్ వాయించే తీరు ఇలా ఉంటుంది. అందరికీ తెలిసిన ఒక పాట తీసుకుంటారు. మొదట దాన్ని ఉన్నదున్నట్టు వాయిస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరికీ వంతు వస్తుంది. పాట చట్రం దాటకుండా ఎవరికి తోచిన పోకడ వాళ్ళు పోతారు. ఒకడు నాలుగు ఆవర్తాలు వాయిస్తే ఇంకొకడు నాలుగు ఆవర్తాల్లో జవాబు చెబుతాడు. చివరికి అంతా కలిసి మళ్ళీ మొదటి పాటకు చేరుకుంటారు. సన్నాయి మేళం ముందు కూర్చున్న మన పెద్దలకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. రాగం పాడి, కీర్తన ఎత్తి, స్వరం వేసి, డోలుకు తని ఇచ్చి మళ్ళీ పల్లవికి వస్తే వాళ్ళ తలలు వాటంతటవే ఊగుతాయి. తేడాలు లేకపోలేదు. జాజ్‌లో ఒకేసారి నాలుగైదు స్వరాలు కలిపి మోగించే పద్ధతి మీద కట్టడం లేస్తుంది, మనకు రాగం ఒక్కటే గీతగా సాగుతుంది. మనోధర్మం మాత్రం రెండు చోట్లా ప్రాణం.

ఈ బంధుత్వం లోకం కళ్ళబడిన రోజు ఒకటుంది. పశ్చిమ గోదావరి పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మన మాండలిన్ శ్రీనివాస్, తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ చేతికి తీసుకున్నాడు. అది యూరపు వాద్యం. కర్ణాటక గమకం దాని మీద పలుకుతుందని అప్పటికి ఎవరూ నమ్మలేదు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే పిల్లవాడు విని తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. 1983లో, పద్నాలుగేళ్ళ వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్ళాడు. జాజ్ వినడానికి వచ్చిన జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారుతో, జాకిర్ హుసేన్ తబలాతో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో దేశదేశాలు తిరిగాడు. 2014 సెప్టెంబరులో, నలభై అయిదేళ్ళకే, మనల్ని విడిచిపోయాడు. జాజ్ నేర్చుకోకుండా, తన రాగం తాను వాయించి జాజ్ వేదికను గెలిచిన తెలుగువాడు ఆయన. గోదావరి లంకల పక్క నుంచి వెళ్ళినవాడికి అది సాధ్యమైతే వంశధార ఒడ్డు సన్నాయికి ఎందుకు సాధ్యం కాదని నేను నిజంగానే అడుగుతున్నాను.

వేసవికీ దీవికీ జాజ్‌కూ స్నేహం పాతదే. 1954 జులైలో మొదలైన న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం కూడా దీవి మీదే జరుగుతుంది, రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో. ఆ మరుసటి ఏడు నుంచి వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కనోవర్ జాజ్ కార్యక్రమం షార్ట్‌వేవ్ మీద ప్రపంచమంతా వినబడింది. 1958లో అమెరికా జాజ్ పియానో కళాకారుడు డేవ్ బ్రూబెక్ మన దేశం వచ్చి బొంబాయిలో అబ్దుల్ హలీమ్ జాఫర్ ఖాన్ సితారుతో కలిసి వాయించాడు. మరుసటి ఏడు బ్రూబెక్ బృందం రికార్డు చేసిన టేక్ ఫైవ్ అనే రచన అయిదు లెక్కల నడకలో సాగుతుంది. మన డోలు వాయిద్యగాడి వేళ్ళకు చిన్నప్పటి నుంచి అలవాటైన లెక్కే.

ఇక జముకు. అడుగున తోలు బిగించిన గుండ్రటి డొల్ల, ఆ తోలు మధ్య నుంచి ఒక తీగ. తీగను లాగి మీటుతుంటే బిగువును బట్టి నాదం పైకీ కిందకీ జారుతుంది. మాట్లాడినట్టే ఉంటుంది, ఒక్కోసారి ఏడ్చినట్టు ఉంటుంది. కథకుడు పాడుతుంటే పక్కవాళ్ళు వంత పాడతారు, మధ్యలో ప్రశ్నలు వేస్తారు, హాస్యమాడతారు. ఎల్లమ్మ కథ, కామమ్మ కథ రాత్రంతా సాగేవి. 1960 దశకంలో మన వైపు బొడ్డపాడు గుడిలో పూజారిగా ఉన్న కవి సుబ్బారావు పాణిగ్రాహి ఈ జముకుల కథనే తీసుకుని రైతుకూలీల బతుకును అందులో పెట్టాడు. 1969 డిసెంబరులో ఆయన చనిపోయాడు. ఆయన రాజకీయం గురించి ఎవరి అభిప్రాయం వాళ్ళది. నాకు కనబడేది ఒక కళాకారుడి తెలివి. ఊరి జనం చెవికి అలవాటైన వాద్యంలోనే కొత్త మాట చెప్పాలని ఆయనకు తెలుసు. అదే జముకు ఇవాళ ఎన్ని ఇళ్ళలో మిగిలి ఉందో మనం ఊరూరా లెక్క తీసుకోవాలి.

తుపాను ఊసు లేకుండా ఈ తీరం గురించి మాట్లాడలేం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి, పనస చెట్లు వేర్లతో సహా నేలకొరిగాయి. తాతలు నాటిన చెట్లు. కొబ్బరి మళ్ళీ నాటితే కాపుకొచ్చేదాకా ఏళ్ళు ఆగాలి. తోట పడిపోతే సంబరం చందా పడిపోతుంది, చందా పడిపోతే మేళానికి ఇచ్చే డబ్బు మొదట తెగుతుంది. దెబ్బ చెట్టు మీద పడింది, నొప్పి సన్నాయి దాకా పాకింది.

న్యూ ఓర్లీన్స్‌కూ ఇలాంటి రోజు వచ్చింది. 2005 ఆగస్టు 29న కత్రీనా తుపాను కొట్టినప్పుడు కట్టలు తెగి ఆ నగరంలో దాదాపు ఎనభై శాతం నీట మునిగింది. వాద్యగాళ్ళు చెల్లాచెదురయ్యారు. 1970 నుంచి వస్తున్న జాజ్ అండ్ హెరిటేజ్ ఉత్సవాన్ని ఆ ఊరు ఆపలేదు, మరుసటి వసంతంలోనే జరిపింది. అంతకన్నా నాకు గొప్పగా తోచిన పని ఇంకోటి ఉంది. ఆ ఊరి బిడ్డలైన బ్రాన్‌ఫర్డ్ మార్సలిస్, హ్యారీ కానిక్ జూనియర్ అనే ఇద్దరు సంగీతకారుల ఆలోచనతో, హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థ వాద్యగాళ్ళ కోసం ఒక పేటనే కట్టింది. ఇళ్ళు వరసగా, అందులో ఉండేవాళ్ళలో ఎక్కువమంది సంగీతం మీద బతికేవాళ్ళు. ఉత్సవం మళ్ళీ జరగాలంటే ముందు వాయించేవాడు ఊళ్ళో ఉండాలని వాళ్ళకు అర్థమైంది. తిత్లీ తర్వాత చెట్ల పరిహారం గురించి మనం చాలా మాట్లాడాం, మాట్లాడవలసిందే. మేళగాళ్ళ గురించి మాట్లాడినవాళ్ళు అరుదు.

మన తీరం వాళ్ళకు దీవులూ కొత్త కాదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు నూటికి పదముగ్గురు. వాళ్ళలో శ్రీకాకుళం తీరం నుంచి వెళ్ళిన మత్స్యకారుల కుటుంబాలు చాలా ఉన్నాయి. విశాఖపట్నంలో ఓడ ఎక్కి సముద్రం దాటినవాళ్ళు వలలతో పాటు అమ్మవార్లనూ పాటలనూ తీసుకెళ్ళారు. ఇక్కడి తప్పెటగుళ్ళ బృందం ఒకటి అదే ఓడలో వెళ్ళి, దీవి దీవికీ తిరిగి, మన వాళ్ళ పిల్లల ముందు ఆడితే ఎంత బాగుంటుంది! ఆ పిల్లలు తెలుగు బడిలో అక్షరాలు నేర్చుకుంటే నేర్చుకోవచ్చు, గంగమ్మ కథ తప్పెట దెబ్బతో వినడం వేరు.

ఇప్పుడు సంబరాల్లో ఏం జరుగుతోందో మీకు తెలుసు. ట్రాక్టరు మీద ఇంటి ఎత్తు సౌండు పెట్టెలు వస్తున్నాయి. డీజే మోగడం మొదలెడితే పక్కన సన్నాయి ఊదేవాడి చెంపలు ఉబ్బడం కనిపిస్తుంది, నాదం వినిపించదు. కుర్రవాళ్ళ ఆటపాటలకు నేను అడ్డు చెప్పను. వాళ్ళ వయసు, వాళ్ళ సంబరం. నేనడిగేది ఒక్క రాత్రి. సంబరం రాత్రుల్లో ఒక రాత్రి పెట్టెలు కట్టేసి, మేళానికీ తప్పెటగుళ్ళకూ జముకుల కథకూ ఊరి నడిబొడ్డు ఇవ్వండి. అరగంట ఇచ్చి ఊరేగింపులో ముందు నడిపించడం సరిపోదు. తప్పెటగుళ్ళ నాయకుడికి జనం ఊపు అందడానికే గంట పడుతుంది. సన్నాయి రాగం విప్పుకోవడానికి చీకటి చిక్కబడాలి.

ఖర్చు మాట వస్తుందని తెలుసు. కానరీ దీవుల ఉత్సవం చిన్న దీవికి పెద్ద బృందాన్ని ఎలా తేగలుగుతోంది? దూరం నుంచి వచ్చిన బృందం ఒకే ప్రయాణంలో నాలుగైదు దీవుల్లో వాయిస్తే దారి ఖర్చు అన్ని దీవుల మీదా పంచుకుపోతుంది. తేదీలు ఒకదాని వెనక ఒకటి కుదిరితే అయ్యే పని ఇది. మన ఊళ్ళకు ఆ వీలు ఇంకా ఎక్కువ. హరిశ్చంద్రపురం, కోటబొమ్మాళి, నౌపడ, పూండి, పలాస, మందస, బారువ, సోంపేట. అన్నీ ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి, టెక్కలి కూడా నౌపడకు దగ్గరే. ఈ వైపు ఊళ్ళ సంబరాల కమిటీలు కలిసి కూర్చుని మేళం రాత్రులను వరసగా పెట్టుకుంటే, వీరఘట్టం వైపు నుంచో బొబ్బిలి వైపు నుంచో ఒక మంచి బృందాన్ని పిలిచి పదిరోజులు ఇక్కడే ఉంచుకోవచ్చు. ఊరికో పూట భోజనం, ఊరికో వాటా. వాయించేవాళ్ళకు పది రాత్రుల సంపాదన ఒక్కసారిగా కనిపిస్తే కొడుకు చేతికి తప్పెట ఇవ్వడానికి తండ్రి వెనకాడడు.

ఇంకో మాట. మన వైపు కథలు పాడే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని కథ మొత్తం, మొదటి నుంచి చివరిదాకా, ఫోనులో రికార్డు చేయండి. ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ వాద్యం, అన్నీ అడిగి రాసుకోండి. రెండు నిమిషాల వీడియో తీసి వదిలేస్తే కథ పోయినట్టే లెక్క. విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963 నుంచి పనిచేస్తోంది. మంచి పాటగాళ్ళు మీ ఊళ్ళో ఉంటే కేంద్రానికి ఉత్తరం రాయండి. రేడియోలో తన గొంతు వినబడిందని తెలిసిన మనిషికి మర్నాడు ఊళ్ళో దొరికే గౌరవం వేరు.

కమిటీ పెద్దలకు, కుర్రవాళ్ళకు నా విన్నపం ఇంతే. ఉగాది వరకూ ఆగొద్దు. ఫాల్గుణంలోనే పక్క ఊళ్ళ వాళ్ళను పిలిచి ఒక పూట కూర్చోండి. తేదీలు రాసుకోండి, బృందం నాయకుడికి కబురు పెట్టండి, వస్తానన్న రోజే బయానా చేతిలో పెట్టండి.